ఫైళ్ళకు పాచి ఊడ్చిన మేడం

విమానం దిగిన ప్రతిసారీ ఆవిడ “దిగాడు” అనేవారు. గట్టిగా కాదు, పక్క కుర్చీకి వినిపించేంత. రావిర్యాల రోడ్డు మీద మా ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. కిటికీ పక్కన ఆవిడ బల్ల. మబ్బులోంచి విమానం చుక్కలా బయటపడి, పెద్దదవుతూ, కిందికి జారుతూ, దూరపు చెట్ల వరుస వెనక మునిగిపోయేది. అది మునిగే క్షణానికి ఆవిడ చేతిలో ఏ పని ఉన్నా ఆగేది. “దిగాడు.” మళ్ళీ పని.

“ఎవరు మేడం?” అని ఒకసారి అడిగాను.

“ఎవరో ఒకరు. వాళ్ళింట్లోవాళ్ళకి తెలుస్తుంది,” అన్నారు. అప్పటికే తెర వైపు తిరిగిపోయారు.

పోయిన నెల మా పాత ఓనర్ సార్ ఫోన్ చేసి, “మేడం పోయారమ్మా,” అని చెప్పారు. నేను బస్సులో ఉన్నాను. ఎప్పుడు, ఏమైంది అని అడిగాను. ఆయన చెప్పారు గానీ నా చెవుల్లో ఏదీ నిలవలేదు. ఫోన్ పెట్టేశాక, ఆవిడ గురించి నాకు తెలిసినవన్నీ ఒకచోట పేర్చుకుందామని చూశాను. పుట్టింది కృష్ణ ఒడ్డున ఏదో ఊళ్ళో. ఇల్లు బడంగ్‌పేట్‌లో, నేనెప్పుడూ వెళ్ళలేదు. భర్త బ్యాంకులో పనిచేసేవారనుకుంటాను. వయసు యాభై దాటి ఉంటుంది. ఇవన్నీ కలిపినా ఒక మనిషి కాలేదు. నాకు నిజంగా తెలిసినవి ఆవిడ చేతులు, ఆవిడ గొణుగుడు, రెండువేల పదకొండులో ఒక మధ్యాహ్నం. అంతే.

ఆ ఏడు నేను ఆ ఆఫీసులో టైపింగ్ పనికి చేరాను. బడిలో చదివింది ఇంటర్ వరకు. ఆ తరవాతి చదువంతా శంషాబాద్ గ్రంథాలయంలో. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. పత్రికలు అయిపోయాక కథలు, కథలు అయిపోయాక చరిత్ర, అదీ అయిపోయాక ఎవరూ ముట్టని చివరి అలమర. అందులో కంప్యూటరు లెక్కల మీద నాలుగు పుస్తకాలుండేవి. అంకెలను సున్నాలుగా, ఒకట్లుగా ఎలా దాస్తారో, సున్నాకన్నా తక్కువ అంకెను యంత్రం ఎలా గుర్తుపడుతుందో వాటిలోనే చదివాను. ఎదురుగా కంప్యూటరు లేకుండానే చదివాను. చేరిన రోజు ఈ సంగతి చెప్తే ఓనర్ సార్ నవ్వారు.

“మంచిదేనమ్మా. ముందు టైపింగ్ చెయ్యి. మూడు నెలల్లో ఈ కోల్డ్ స్టోరేజ్ పని అప్పజెప్పేస్తాం. ఆ తరవాత టైపింగ్ ఉండదు. నీకు ప్రోగ్రాము పని వస్తుందని అనిపిస్తే ఉంచుకుంటాను. లేకపోతే ఏం చెయ్యలేను.”

ఇంట్లో ఈ షరతు సంగతి చెప్పలేదు. “నౌకరి పక్కానే గద బిడ్డా?” అని బాపు అడిగితే, “పక్కానే బాపు,” అన్నాను. ఆ మాట అన్న దగ్గర్నుంచీ మూడు నెలలకు రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

పని ఇదీ. విమానాశ్రయం దగ్గర ఒక కోల్డ్ స్టోరేజ్ ఉంది. విమానం ఎక్కాల్సిన మందుల పెట్టెలు అక్కడ చల్లటి గదుల్లో ఉంటాయి. గదుల్లో చలి ఎంతుందో కొలిచే సెన్సర్లు. వాటి అంకెలను చదివే ఫంక్షన్లను, అంటే ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము ముక్కను, మేడం కొన్నేళ్ళుగా సి భాషలో రాసి పెట్టుకున్నారు. అలా ఎన్ని ప్రోగ్రాములైనా వాడుకునేలా ఒకచోట కట్టగట్టిన ఫంక్షన్లను లైబ్రరీ అంటారు. కోల్డ్ స్టోరేజ్ వాళ్ళ తెర మీది ప్రోగ్రామేమో జావా భాషలో ఉంది.

“మనవాడు సి తప్ప మాట్లాడడు. వాళ్ళవాడు జావా తప్ప వినడు,” అని నాకు మొదటి రోజు చెప్పారు. “ఇద్దరిలో ఎవర్నీ మార్చలేం. మార్చకూడదు కూడా. అందుకని ప్రతి ఫంక్షనుకీ మధ్యలో ఒక దుబాసీని నిలబెడతాం. దాన్ని బైండింగ్ అంటారు. నూట నలభై ఫంక్షన్లున్నాయి. చేత్తో రాస్తే నా నడుం పడిపోతుంది. కమాండుతో అయితే టీ చల్లారేలోపు అయిపోతుంది.”

ఆ కమాండు నడిచేది నల్లటి కిటికీ లాంటి తెరలో. బొమ్మలు లేవు, మీటలు లేవు. ఒకటే పొడవాటి వాక్యం. అది రెండు ఫైళ్ళు చదువుతుంది. ఒకటి ఫంక్షన్ల పేర్ల జాబితా. రెండోది మేడం రాసుకున్న సూచనల ఫైలు, ఏ రకం అంకెను ఎలా తీసుకోవాలో చెప్పేది. ఈ రెండూ చదివి దుబాసీలందర్నీ యంత్రమే పుట్టిస్తుంది. ఆ పుట్టిన ఫైలు పేజీలకు పేజీలు ఉండేది. దాని నెత్తిన, యంత్రం రాసినది, చేత్తో మార్చవద్దు, అని ఇంగ్లీషులో ఒక వరుస ఉండేది.

కమాండు కొట్టే ముందు ఆవిడ చేతికి ఒక్కొక్క గాజు ఉంచుకుని మిగతావి తీసి తెర పక్కన పెట్టేవారు. తరవాత వేలితో తెర మీద చూపిస్తూ వాక్యమంతా పెదాల మధ్యనే చదువుకునేవారు. గుళ్ళో నామాలు చదివేవాళ్ళ మాదిరి. అయ్యాక ఒక ఊపిరి. అప్పుడు కొట్టేవారు. అది ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్ అనరు. “అలిగింది,” అంటారు. తెర వైపు వంగి, “ఏవండీ, ఏం తక్కువైంది?” అని మర్యాదగా అడిగేవారు. నాకు నవ్వొచ్చేది.

“మీరు మిషన్‌కు కూడా అండీ అంటరా మేడం?”

“మీవాళ్ళు మనుషులకే అనరు కదా, ఎక్కడో ఒకచోట సరిపెట్టాలి.”

“మాది కలుపుగోలు మేడం. మీరు మాట్లాడితే రేడియోల వార్తలు విన్నట్టుంటది.”

“నువ్వు ఏంది అంటే నాకు మొదట్లో తిట్టినట్టుండేది అమ్మాయ్. ఇప్పుడు మా ఇంట్లో నేనే అనేస్తున్నాను. మా ఆయన అదోలా చూస్తున్నారు.”

గొణుగుడు ఎందుకని అడిగితే చెప్పారు. “కమాండు మనం చెప్పింది చేస్తుంది, అనుకున్నది చెయ్యదు. అనుకున్నదీ చెప్పిందీ ఒకటేనా అని చూసుకోవద్దూ?”

భోజనం తరవాత ఆవిడకు చిన్న కునుకు కావాలి. దానికి కొలత గడియారం కాదు. “రెండు దిగాక లేపమ్మాయ్,” అని కుర్చీలోనే కళ్ళు మూసుకునేవారు. నేను కిటికీ వైపు చూస్తూ కూచునేదాన్ని. ఎండ రాళ్ళ మీద మరుగుతూ ఉండేది. ఫ్యాను కింద కాగితాలు కాస్త లేచి పడుకునేవి. ఒకటి దిగేది. చాలాసేపటికి ఇంకొకటి. నేను పిలిచేలోపే కళ్ళు మూసుకునే, “దిగాడు,” అనేవారు. నిద్రలోనూ ఎలా తెలిసేదో. ఒక్కోసారి మూడోదాకా ఊరుకునేదాన్ని.

అన్నిటికన్నా విచిత్రం పొద్దుటి పని. వచ్చి, సంచి కుర్చీకి తగిలించి, మొదట చేసేది, నిన్న కమాండు పుట్టించిన ఫోల్డరు మొత్తం చెరిపెయ్యడం. మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేచిపోయాను.

“మేడం, అంతా తీసేసిన్రు?”

“నిన్నటివి. పాచివి. వాకిలి ఊడ్చకుండా ముగ్గేస్తారా ఎవరైనా?”

“నిన్నటి పనంతా అండ్లనే ఉండె గద.”

“మళ్ళీ నడిపితే వస్తుంది. నడిపినా రాలేదంటే, అది పని కాదన్నమాట, అదృష్టం.”

ఊడ్చి, గాజులు తీసి, చదువుకుని, నడిపేవారు. టీ చల్లారేలోపు నిన్నటి ఫైలే తాజాగా తిరిగొచ్చేది. రెండు నెలలు రోజూ చూశాను. నాకర్థమైందల్లా పోయినవి తిరిగొస్తాయని. ఎక్కడినుంచి వస్తాయో ఆలోచించలేదు.

పని అప్పజెప్పే వారంలో రెండు రోజులు బంద్ వచ్చింది. అప్పట్లో ఉద్యమం, బందులు మామూలు. బడంగ్‌పేట్ నుంచి బస్సు లేక మేడం రాలేదు. మా తమ్ముడి బండి మీద నేను మాత్రం వచ్చి ఆఫీసు తెరిచాను. పొద్దున్నే ఫోన్ చేశారు.

“తిన్నావా? రోడ్డు మీద గొడవలేం లేవుగా?”

“ఏం లేదు మేడం. జర టైర్ల పొగ, గంతే. మీరు పరేషాన్ కాకున్రి.”

“సరే. ఇవాళేం నడపకు. అంకెలు రాసుకో చాలు.”

అంకెలు రాసుకోవడమే నా టైపింగ్. ఆఫీసు ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన ఒక సెన్సర్ వేలాడేది. అది ఎప్పుడు చూసినా నాలుగు, నాలుగున్నర చెప్పేది. మధ్యాహ్నానికి రోడ్డు పూర్తిగా నిశ్శబ్దమైపోయింది. విమానాలు మాత్రం దిగుతూనే ఉన్నాయి, బంద్ సంగతి వాటికి తెలియనట్టు. నాకు ఉన్నట్టుండి ఒకటి తోచింది. మందుల గదులు సున్నాకన్నా చాలా కింద ఉంటాయి. మనమేమో నాలుగు దగ్గరే చూస్తున్నాం. లేచి సెన్సర్ తీసి పై అరలో ఐసు గిన్నె పక్కన పెట్టాను.

కాసేపటికి తెర మీద ఆరువేల అయిదువందల చిల్లర డిగ్రీలు కనిపించాయి.

నాకు భయం వెయ్యలేదు, ఆనందమేసింది. ఆ చివరి అలమర పుస్తకంలో ఇదే ఉంది. సున్నాకన్నా తక్కువ అంకెను, తక్కువ అని తెలియని యంత్రం చదివితే ఇలాగే కొండంత చేసి చూపిస్తుంది. యంత్రం పుట్టించిన ఫైలు తెరిచి, వెతికి, వెతికి, దుబాసీ ఆ అంకెను తీసుకునే చోటు పట్టుకున్నాను. రెండు వరుసలు మార్చాను. మైనస్ ఆరు అని వచ్చింది.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. గ్రంథాలయం పుస్తకాల్లో అచ్చుతప్పు కనబడితే నేను పెన్సిలుతో దిద్దేదాన్ని. పుస్తకముపై వ్రాయరాదు అని లోపల ముద్ర ఉండేది. అది పిచ్చిరాతలు రాసేవాళ్ళకని, నాలాంటి వాళ్ళకు కాదని నా నమ్మకం. తరవాత చదివేవాళ్ళు నా దిద్దుబాటు చూసి ఎవరో తెలివైనవాళ్ళు అనుకుంటారని మురిసిపోయేదాన్ని. ఫైలు నెత్తిన ఉన్న హెచ్చరికనూ అలాగే దాటేశాను.

మేడంకి ఫోన్ చెయ్యలేదు. అందరి ముందూ, కోల్డ్ స్టోరేజ్‌లో, మైనస్ అంకె సరిగ్గా వచ్చినప్పుడు చెప్దామనుకున్నాను. ఓనర్ సార్ నా వైపు తిరగడం, మేడం కళ్ళెత్తడం, అంతా ముందే చూసుకున్నాను. పొద్దుటి ఊడ్పు గుర్తుకు రాలేదని కాదు. వచ్చింది. కానీ మళ్ళీ నడిపితే వస్తుందన్నారు కదా, నా రెండు వరుసలూ వస్తాయనే అనుకున్నాను.

మూడో రోజు బస్సులు ఆలస్యంగా కదిలాయి. నేను చేరేసరికి మేడం ఊడవడం, నడపడం అయిపోయాయి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఓనర్ సార్ కారులో ముగ్గురం బయల్దేరాం.

కోల్డ్ స్టోరేజ్ లోపలి వరండా పొడుగ్గా, తెల్లగా ఉంది. దాని చివర ఇనుప తలుపు. స్టోర్ చూసుకునే అన్న ఒకాయన, జల్‌పల్లి మనిషి, మందపాటి కోటు వేసుకుని తలుపు తెరిచాడు. లోపలి చలి తెల్లటి పొగలా నేల మీద పాక్కుంటూ వచ్చి మా పాదాల చుట్టూ ఆగింది. మేం మాట్లాడే మాటలు కూడా అక్కడ మెత్తగా వినిపించాయి. సెన్సర్ వైరు కలిపాం. మేడం ల్యాప్‌టాప్ తెరిచి వాళ్ళ ప్రోగ్రామును నడిపారు.

ఆరువేల అయిదువందల ముప్ఫై అయిదు పాయింట్ నాలుగు.

ఆ అన్న తెర వైపు చూసి, తన కోటు వైపు చూసుకున్నాడు. “లోపల గోడకున్న గాజు థర్మామీటరేమో మైనస్ పద్దెనిమిది చూపెడ్తుంది. గీ లెక్కన సూర్యుడు లోపల్నే ఉన్నడు. మల్ల నాకీ కోటెందుకు సార్?”

సూర్యుడి పైభాగం కూడా అంత వేడి ఉండదని నేను చదివాను. నా రెండు వరుసలు రాలేదు. ఎందుకు రాలేదో అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు గానీ రాలేదన్నది మాత్రం చలిలా కాళ్ళలోంచి పైకి ఎక్కింది.

“ఏమిటిది మేడం?” ఓనర్ సార్ గొంతు తగ్గించి అడిగారు. “ఎవరి పని?”

“పొద్దున కమాండు నడిపింది నేనేనండి.”

అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. మేడం ఎలాగూ సర్దుతారు, నా పేరు రాదు. కానీ పేరు రాకపోతే నేను కనిపెట్టిందీ లేనట్టే. దానికన్నా, ఆవిడ ఆ మాట అన్న తీరు నన్ను నిలవనివ్వలేదు. సంజాయిషీలా అనలేదు. నిజం కాబట్టి అన్నారు.

“నేను చూసిన సార్ ఇది. బంద్ రోజు. చూసి దిద్దిన. చెప్పలే.”

“నిన్నెవరు ముట్టుకోమన్నారమ్మా? టైపింగ్ అమ్మాయివి.”

నా కళ్ళ ముందు బాపు ముఖం వచ్చింది. పక్కానే గద బిడ్డా.

మేడం నా వైపు తిరిగారు. “ఎలా చూశావు?”

“సెన్సర్ ఐసు దగ్గర పెట్టిన మేడం.”

“ఎందుకు పెట్టావు?”

“గది మైనస్‌ల ఉంటది గద. మనం నాలుగు కాడనే చూస్తున్నం.”

“ఎక్కడ దిద్దావు?”

“కమాండు ఇచ్చిన ఫైల్ల. రెండు లైన్లు. మళ్ళ నడిపితే వస్తదనుకున్న.”

ఆవిడ తెర వైపు తిరిగిపోయారు. కోపమేమో అనుకున్నాను. కాదు, పెదాలు కదులుతున్నాయి. నేను చెప్పింది మొదటినుంచి చదువుకుంటున్నారు.

“ప్రతిలో దిద్దావమ్మాయ్,” అన్నారు చివరికి. “తప్పు అచ్చులో ఉంది. మళ్ళీ అచ్చేస్తే మళ్ళీ అదే తప్పు పడుతుంది.”

నాకు అప్పుడు తెలిసింది. గ్రంథాలయంలో నా పెన్సిలు గీతలన్నీ ఒక్కో పుస్తకంలో ఒక్కటిగా, అచ్చుయంత్రానికి తెలియకుండా ఉండిపోయాయి.

తరవాత ఆవిడ ఓనర్ సార్‌తో అన్నారు. “సూచనల ఫైల్లో ఆ అంకె ఎప్పుడూ సున్నా పైనే ఉంటుందని రాసింది నేనండి. ఆ రోజుల్లో బరువులకి, తేమకి వాడేవాళ్ళం, కిందికెళ్ళే అవసరం ఉండేది కాదు. తప్పు నాది. పట్టుకున్నది ఈ అమ్మాయి. పట్టుకోవడమే కష్టం, దిద్దే చోటు చెప్తే తెలుస్తుంది.”

“మీరు సరిచేసెయ్యండి మేడం, వాళ్ళు చూస్తున్నారు.”

మేడం ల్యాప్‌టాప్‌ను నా వైపు జరిపారు. సూచనల ఫైలు ఏదో నాకు చెప్పనవసరం లేదు. “కోటు ఇస్తావా నాయనా? లోపల గోడ మీదిది ఒకసారి చూస్తాను,” అని ఆ అన్నను అడిగారు. చీర మీద ఆ మందపాటి కోటు వేసుకుని, చేతులు పూర్తిగా అందులో దాక్కుపోయి, ఆ పొగలోకి నడిచారు. ఆయన ఇంకో కోటు అందుకుని వెనకే వెళ్ళాడు. తలుపు మూసుకుంది. దానికి అద్దం లేదు.

నేను సూచనల ఫైలు తెరిచాను. ఆ వరుస దొరికింది. ఒకే ఒక్క మాట. మార్చాను. పాత ఫోల్డరు నేనే చెరిపేశాను. తెర ఖాళీగా అయింది. పొడవాటి వాక్యం కొట్టి, మొదటినుంచి చివరిదాకా నాలో నేను చదువుకున్నాను.

“ఆగమ్మా,” అన్నారు ఓనర్ సార్. “మేడంని రానియ్యి. ఇంకోసారి తప్పొస్తే పరువు పోతుంది.”

తలుపు వైపు చూశాను. ఆవిడ చూడమంటే ఇక్కడే నిలబడి చూసేవారు. లోపలికి ఎందుకు వెళ్ళారో నాకు అప్పుడు తోచింది. కొట్టాను.

వరుసలు పైకి పాకాయి, ఆగాయి. అలగలేదు. వాళ్ళ ప్రోగ్రామును మళ్ళీ తెరిచాను. సార్ నా భుజం మీంచి వంగి చూశారు. ఆయన ఊపిరి వినిపించింది.

ఇనుప తలుపు కొంచెం తెరుచుకుని ఆ అన్న తల బయటపెట్టాడు. కనుబొమల మీద తెల్లగా మంచు పొడి. “సార్, ఎంత చూపెడ్తుందని అమ్మ అడుగుతున్నది.”

“నన్నడుగుతావేం?” అన్నారు సార్. “నడిపింది ఈ అమ్మాయి. చెప్పమ్మా.”

“మైనస్ పద్దెనిమిది పాయింట్ రెండు,” అన్నాను. అది తలుపు దాటలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాను.

తెల్లటి పొగ లోపలినుంచి, మనిషి కనబడకుండా, ఆవిడ గొంతు వచ్చింది.

“ఇక్కడా అంతే.”